పదకొండో ఓటు

గత వారం రఫీ మార్గ్‌లోని ఐఎన్ఎస్ భవనంలో ఉన్న మా చిన్న గదికి నలుగురు విద్యార్థులు వచ్చారు. ఢిల్లీలోని ఒక కళాశాలలో డిగ్రీ చదువుతున్నారు. ఇద్దరు తెలుగు పిల్లలు, ఒక అబ్బాయిది బిహార్, ఒక అమ్మాయిది మణిపూర్. తమ కళాశాల ఉత్సవానికి ప్రారంభోపన్యాసం చేయమని అడగడానికి వచ్చారు. పార్లమెంటు సమావేశాలు లేని రోజు కనుక తీరిగ్గానే కూర్చుని మాట్లాడుకున్నాం. మూడు రోజులనుకున్న ఉత్సవం ఒకటిన్నర రోజుకు కుదించుకుపోయిందట. డబ్బిస్తామన్న సంస్థ చివరి నిమిషంలో వెనక్కి తగ్గిందట. ఆడిటోరియం రెండుసార్లు ఇచ్చినట్టే ఇచ్చి వేరొకరికి ఇచ్చేశారట. అధ్యాపకుల్లో సగం మంది "మీవల్ల కాదు, చదువుకోండి" అంటున్నారట. ఇదంతా చెప్పి, వారిలో ఒకడు, "మీ రోజుల్లో ఇన్ని తిప్పలు ఉండేవి కావు కదా సార్?" అన్నాడు.

నేను నవ్వి, మా రోజుల కథ చెప్పాను. కర్ఫ్యూ, వాయిదా, చేత్తో రాసిన తేదీలు, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో కవి సమ్మేళనం. వారు ఆసక్తిగా విన్నారు. ఆ కథను నేను ఎన్నో సభల్లో చెప్పాను, ఎప్పుడు చెప్పినా శ్రోతలు సంతోషిస్తారు. కానీ ప్రతిసారీ సగమే చెప్పాను. ఆ నలుగురూ వెళ్లిపోయాక మిగతా సగం నన్ను వదిలిపెట్టలేదు. ఈ వారం ఏ కూటమి గురించో, ఏ రాజ్యసభ సీటు గురించో రాయవలసిన చోట ఆ మిగతా సగం రాస్తున్నాను. దీనికీ రాజకీయాలకూ సంబంధం లేదని పాఠకులు అనుకోనక్కరలేదు.

1990లో నేను హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో చివరి సంవత్సరం విద్యార్థిని. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాణ్ని. ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. ఎన్నికలంటే గొడవలు, కత్తిపోట్లు అన్న అభిప్రాయం తల్లిదండ్రుల్లో కూడా బలంగా ఉండేది కనుక వాటిని ఆపేసినందుకు పెద్దగా ఎవరూ బాధపడలేదు. ఎన్నికలు పోవడంతో విద్యార్థులు తమంతట తాము సమావేశమై, ఒక నిర్ణయం తీసుకుని, దానికి బాధ్యత వహించే అవకాశం కళాశాలలో ఒక్క వార్షిక ఉత్సవానికి మాత్రమే మిగిలింది. అది కూడా మా కళాశాలలో రెండేళ్లుగా జరగలేదు. దాన్ని మళ్లీ జరపాలని జూలైలో పదకొండు మందిమి ఒక కమిటీగా ఏర్పడ్డాం. నన్ను కన్వీనర్ అన్నారు. నాకంటే సమర్థులు ఉన్నారు గానీ, ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేని మనిషిని నేనే. దేశంలో ప్రధానమంత్రులు కూడా కొన్నిసార్లు అలాగే ఎంపికవుతారని తర్వాత కాలంలో అర్థమైంది.

ఆ పదకొండు మందిలో అసలు పని చేసినవాడు మా కోశాధికారి. వెనుకబడిన తరగతుల హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. వాళ్ల నాన్న మగ్గం నేసేవాడు. ఒక పొడుగాటి నోట్‌బుక్కులో ఎడమ పేజీలో జమ, కుడి పేజీలో ఖర్చు రాసేవాడు. టీ తాగినా రాసేవాడు. మా బడ్జెట్ పద్దెనిమిది వేల రూపాయలు. అందులో కళాశాల ఇచ్చేది మూడు వేలు. మిగతాది సావనీరులో ప్రకటనల ద్వారా రావాలి. పూర్తి పేజీకి ఐదు వందలు, అర పేజీకి మూడు వందలు. కోఠీ, సుల్తాన్ బజార్, ఆబిడ్స్‌లో కొట్టు కొట్టుకూ తిరిగాం. బట్టల దుకాణం వారు ఐదుసార్లు తిప్పించుకుని అర పేజీ ఇచ్చేవారు. ఇరానీ హోటలు యజమాని ప్రకటన ఇవ్వకపోయినా టీ ఇచ్చేవాడు. దాన్ని కూడా మావాడు "టీ, నాలుగు, ఉచితం" అని జమ పేజీలో రాసుకున్నాడు.

ఉత్సవంలో ముఖ్యమైన అంశాలు మూడు పెట్టుకున్నాం. ఒక సాయంత్రం సంగీతం. ఒక సాయంత్రం తెలుగు, ఉర్దూ కవులు ఒకే వేదికపై చదివే కవి సమ్మేళనం. మధ్యాహ్నం ఒక చర్చావేదిక. ఆ చర్చావేదిక ప్రతిపాదన కోశాధికారిదే. 1990 ఆగస్టు 7న ప్రధానమంత్రి వి.పి. సింగ్ మండల్ కమిషన్ సిఫార్సుల మేరకు కేంద్ర ఉద్యోగాల్లో వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్లు ప్రకటించారు. ఆ ప్రకటన వెలువడిన పక్షం రోజుల్లోనే మా తరగతి గదుల్లో బెంచీలు మారిపోయాయి. అప్పటిదాకా పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రిజర్వేషన్లు పెంచినప్పుడు రాష్ట్రంలో జరిగిన ఆందోళన జ్ఞాపకాలు ఇంకా ఆరలేదు. సెప్టెంబరులో ఢిల్లీలో ఒక విద్యార్థి ఒంటికి నిప్పంటించుకున్న ఫొటో పత్రికల్లో వచ్చాక హాస్టల్ భోజనశాలలో మాటలే ఆగిపోయాయి. "బయట కేకలేసుకుంటున్నారు గదా, ఒక గంట లోపల కూర్చొని మాట్లాడుకుందాం. వాళ్లు చెప్పేది మేం వింటం, మేం చెప్పేది వాళ్లు వినాలె" అని కోశాధికారి అన్నాడు. అందరం సరేనన్నాం. డిసెంబరు 14, 15 తేదీలు ఖాయమయ్యాయి.

ఆహ్వాన పత్రాలు పాతబస్తీలోని ఛత్తా బజార్‌లో అచ్చుకు ఇచ్చాం. ఆ వీధి నిండా ముద్రణాలయాలే. పెళ్లి కార్డులకు నగరమంతా అక్కడికే వెళుతుంది. ఉర్దూ అక్షరాలను కాతిబ్‌లు చేత్తో రాసే రోజులవి. మా ప్రెస్సు యజమాని అరవై దాటిన మనిషి. మేం చాచా అనేవాళ్లం. తెలుగు పైన ఉండాలా, ఉర్దూ పైన ఉండాలా అని మేం తర్జనభర్జన పడుతుంటే ఆయన కార్డును నిలువుగా మడిచి, "ఇటు నుంచి తెరిస్తే మీది, అటు నుంచి తెరిస్తే మాది. తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి. కొట్లాట ఎందుకు బేటా?" అన్నాడు. మా కమిటీలో వారం రోజులు తేలని సమస్య అరనిమిషంలో తేలింది.

ఆ శరదృతువులో దేశంలో జరిగినవి నా తరం పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అక్టోబరు 23న సమస్తిపూర్‌లో అద్వానీ అరెస్టు, బీజేపీ మద్దతు ఉపసంహరణ, నవంబరు 7న లోక్‌సభలో వి.పి. సింగ్ ఓటమి, మూడు రోజులకు కాంగ్రెస్ బయటి మద్దతుతో చంద్రశేఖర్ ప్రమాణ స్వీకారం. మేం సావనీరు ప్రూఫులు దిద్దుకుంటూ ఇవన్నీ రేడియోలో విన్నాం. డిసెంబరు 6న ఢాకాలో సైనిక నియంత ఎర్షాద్ రాజీనామా చేశాడని, అందులో విద్యార్థుల పాత్ర చాలా ఉందని వార్త వచ్చినప్పుడు హాస్టల్లో చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్ల తర్వాత రెండు మూడు రోజులకే హైదరాబాద్‌లో మత ఘర్షణలు చెలరేగాయి. కత్తిపోట్ల వార్తలు గంటగంటకూ పెరిగాయి. నగరం కర్ఫ్యూలోకి వెళ్లిపోయింది. వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన ఆ మారణకాండ ముఖ్యమంత్రి చెన్నారెడ్డి రాజీనామాతో ముగిసింది. డిసెంబరు 17న జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. మా ఉత్సవం జరగవలసిన రెండు రోజులూ మేం హాస్టల్ డాబా మీద నిలబడి ఖాళీ రోడ్డును చూస్తూ గడిపాం.

కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో ప్రజలు పాల కోసం, బియ్యం కోసం పరుగులు పెట్టేవారు. అలాంటి ఒక సడలింపు సమయంలో మేమిద్దరం, నేనూ కోశాధికారీ, ఛత్తా బజార్ వెళ్లాం. ప్రెస్సు తలుపు సగం తెరిచి ఉంది. కార్డులు అచ్చుకు సిద్ధంగా ఉన్నాయి. ఇక ఉత్సవం జరగదని, చేసిన పనికి డబ్బు తీసుకోమని చెప్పడానికి వెళ్లాం. చాచా ఆ మాట విననట్టే, "తారీఖు ఖాళీ పెట్టి మిగిలింది కొడతా. తారీఖు దొరికినాక చేత్తో రాసుకోండి" అన్నాడు. ఆయన బంధువుల్లో ఒకరు ఆ వారమే ఆసుపత్రిలో ఉన్నారని మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆయన దాని గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నాలుగు వందల కార్డులు తేదీ లేకుండా మా హాస్టల్ గదికి చేరాయి.

ఆ తర్వాతి నెల రోజులు మమ్మల్ని నిరుత్సాహపరచనివారు లేరు. "జనం పాల ప్యాకెట్‌కే బయటికి రావడానికి భయపడుతుంటే మీ పాటలు వినడానికి వస్తారా?" అని దుకాణదారులు అన్నారు. ఇచ్చిన ప్రకటనల్లో మూడో వంతు వెనక్కి తీసుకున్నారు. షామియానా వాళ్లు బయానా తిరిగి ఇవ్వలేదు గానీ కొత్త తేదీకి దాన్నే చెల్లు వేస్తామన్నారు. మా నాన్న ఇన్‌లాండ్ లెటర్ రాశారు: "నిన్ను పట్నం పంపింది చదువుకోవడానికి, తిరునాళ్లు చేయించడానికి కాదు." పోలీసు స్టేషన్‌లో అనుమతి కోసం వెళితే కవుల పేర్లు, చిరునామాలు, వారు చదవబోయే పద్యాల ప్రతులు అడిగారు. ఒక ఉర్దూ కవి, "రాయని పద్యానికి ప్రతి ఎక్కడి నుంచి తేను?" అని నవ్వాడు. ఆయన పాత పద్యాలే రాసి ఇచ్చాం.

వీరిలో ఎవరినీ నేనిప్పుడు తప్పుపట్టను. సందేహించేవారిని కథలో దుష్టపాత్రలుగా నిలబెట్టడం చెప్పేవాళ్లకు సులువు, వినేవాళ్లకు హాయి. కానీ 2023 నవంబరులో కొచ్చి విశ్వవిద్యాలయంలో టెక్నికల్ ఫెస్ట్ సందర్భంగా సంగీత కచేరీకి చేరిన జనం తొక్కిసలాటలో నలుగురు మరణించారు. అంతకు ముందు ఏడాది కోల్‌కతాలో ఒక కళాశాల ఉత్సవంలో పాడి వెళ్లిన గంటల్లోనే గాయకుడు కేకే కన్నుమూశాడు. కిక్కిరిసిన హాలు గురించి, ఉక్కపోత గురించి అప్పుడు ఎంతో చర్చ జరిగింది. ఇరవై ఏళ్ల పిల్లలు గుంపును తక్కువగా అంచనా వేస్తారు. గేటు ఎంత వెడల్పు ఉండాలో, వాన వస్తే జనం ఎటు పరిగెత్తుతారో ఆలోచించే పెద్దవాడు ఒకడైనా పక్కన ఉండాలి. మా ప్రిన్సిపాల్ అలాంటి మనిషే. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆయన భయానికి కారణాలు అప్పుడు నగరం నిండా ఉన్నాయి.

జనవరి మూడో వారంలో, గల్ఫ్‌లో బాంబుల వర్షం మొదలైన రోజుల్లో, ఆయన నన్ను పిలిపించారు. "చూడు నాయనా, ఫిబ్రవరిలో చేసుకోండి. రాత్రి తొమ్మిదికి గేటు మూసేయాలి. అన్నిటికీ ఒప్పుకుంటాను. కానీ నిప్పు రాజేసేవి రెండున్నాయి మీ జాబితాలో. ఆ రిజర్వేషన్ల చర్చ, ఈ ఉర్దూ కవి సమ్మేళనం. రెండూ వద్దు. సరే, నీ మాట కాదనలేను, ఒకటి ఉంచుకోండి. ఏదో మీరే తేల్చుకోండి." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉదారత ఉంది. నేను కృతజ్ఞతతో బయటికి వచ్చాను. ఆ కృతజ్ఞతను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కమిటీ రాత్రి పదకొండు దాకా కూర్చుంది. కవి సమ్మేళనం ఉంచాలన్నవారి వాదన బలమైనదే. నగరం రెండుగా చీలిన సమయంలో రెండు భాషలు ఒకే వేదిక మీద కనిపించాలి. చాచా తేదీ లేకుండా అచ్చు వేసిన కార్డు మీద ఆ మాటే ఉంది. చర్చ ఉంచాలన్నవారి వాదనా బలమైనదే. కొట్లాట ఊళ్లో ఉంది నిజమే, కానీ చీలిక మన తరగతి గదిలో కూడా ఉంది, దాని గురించి మాట్లాడకుండా పాటలు పాడుకుంటే ఏం లాభం? చేతులెత్తితే ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. పదకొండో ఓటు నాది.

నేను కవి సమ్మేళనానికి వేశాను. అప్పుడు నేను చెప్పిన కారణం జాతీయ సమైక్యత. అసలు కారణం వేరు. కవి సమ్మేళనం వల్ల నాకు చప్పట్లు వస్తాయి. చర్చ జరిగితే నేను ఏదో ఒక పక్షాన నిలబడాలి. నా కులానికి రిజర్వేషన్ లేదు. నా గదిలో ఉండే మిత్రులు, నాకు నోట్సు ఇచ్చేవాళ్లు, సెలవుల్లో ఇంటికి పిలిచేవాళ్లు ఎక్కువమంది మండల్‌కు వ్యతిరేకులు. ఎవరికీ అభ్యంతరం లేని మనిషిగా ఉండటం వల్లే కన్వీనర్‌నయ్యాను. అలాగే ఉండిపోవాలనుకున్నాను.

కోశాధికారి అరవలేదు. నోట్‌బుక్కు మూసి, "మీకు కష్టం కానిదాన్ని ఉంచిన్రు. మాకు కావలసినదాన్ని తీసేసిన్రు. గంతే గదా?" అన్నాడు. రాజీనామా చేస్తాడేమోనని భయపడ్డాను. మర్నాడు పొద్దున ఆరింటికి నా గది తలుపు తట్టాడు. "సుల్తాన్ బజార్‌ల ఇంకా నాలుగు షాపులు బాకీ ఉన్నయి, పోదాం పద" అన్నాడు. ఆ పదిహేను రోజుల్లో మేం పోగొట్టుకున్న ప్రకటనల్లో చాలావరకు అతనే తిరిగి తెచ్చాడు. తన అంశం లేని ఉత్సవం కోసం అతను తిరిగినంతగా మాలో ఎవరూ తిరగలేదు. ఎందుకు చేశాడని చాలా ఏళ్ల తర్వాత అడిగితే, "ఓట్ల ఓడిపోయిన గానీ, లెక్క నా చేతిలో ఉండె కదా" అన్నాడు.

నాలుగు వందల కార్డుల మీద ఫిబ్రవరి 22, 23 అని చేత్తో రాశాం. మూడు రంగుల సిరా, పదకొండు రకాల చేతిరాత. రెండో రోజు సాయంత్రం కవి సమ్మేళనం మొదలైన పావుగంటకు కరెంటు పోయింది. జనరేటరుకు సరిపడా డీజిలు లేదు. యుద్ధం పుణ్యమా అని డీజిలు దొరకడమే గగనంగా ఉంది. మైకు మూగబోయింది. ఇక అయిపోయిందనుకున్నాం. పక్క వీధిలో పెళ్లివారి దగ్గర నుంచి కోశాధికారి నాలుగు పెట్రోమాక్స్ దీపాలు తెచ్చాడు. మైకు లేదు కనుక వెనక ఉన్న జనం ముందుకు వచ్చి వేదిక చుట్టూ నేల మీద కూర్చున్నారు. తెలుగు కవి చదివితే ఉర్దూ తెలిసినవాళ్లు పక్కవాళ్లను అర్థం అడిగారు. ఉర్దూ కవి చదివితే అటువాళ్లు ఇటువాళ్లకు చెప్పారు. చాచా మొదటి వరుసలో కూర్చున్నాడు. తొమ్మిదికి గేటు మూయాలన్న ప్రిన్సిపాల్ గారే తొమ్మిదింబావుకు, "ఇంకొకటి చదవమనండి" అన్నారు. ఆ మర్నాడే కువైట్ విముక్తికి భూతల యుద్ధం మొదలైంది. మరో పది రోజులకు, మార్చి 6న, చంద్రశేఖర్ రాజీనామా చేశారు. మా సంకీర్ణం ఆయన ప్రభుత్వం కంటే ఎక్కువ కాలం నిలిచిందని జోకులు వేసుకున్నాం.

ఇంతవరకు వచ్చి నేను కథ ఆపేస్తాను. ఎప్పుడూ ఇక్కడే ఆపేశాను. చప్పట్లు వచ్చేది ఇక్కడే.

ఉత్సవం ముగిసిన వారానికి కోశాధికారి లెక్కలు సమర్పించాడు. అన్ని బాకీలూ తీరగా రెండు వందల పన్నెండు రూపాయలు మిగిలాయి. "ఈ పైసలతో టీ, బిస్కెట్లు పెట్టి ఏదైనా ఖాళీ తరగతి గదిలో ఆ చర్చ పెడదాం. మైకు వద్దు, కార్డులు వద్దు, ప్రిన్సిపాల్ సార్ అనుమతి కూడా వద్దు. కూర్చొని మాట్లాడుకుందాం" అన్నాడు. తప్పకుండా అన్నాను. పరీక్షల తర్వాత అన్నాను. పరీక్షలయ్యాయి. మేలో ఎన్నికలు వచ్చాయి, రాజీవ్ గాంధీ హత్య జరిగింది, అందరం తలో దారిన వెళ్లిపోయాం. ఆ రెండు వందల పన్నెండు రూపాయలు కన్వీనర్‌గా నా దగ్గరే ఉన్నాయి. ఏం చేశానో గుర్తు లేదు. మరుసటి ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఇంద్రా సాహ్నీ కేసులో 27 శాతం రిజర్వేషన్లను సమర్థిస్తూ తీర్పు ఇచ్చినప్పుడు నేను ఒక పత్రికలో ట్రైనీగా ఉన్నాను. ఆ తీర్పు వార్తను అనువాదం చేసింది నేనే. దేశ అత్యున్నత న్యాయస్థానం ఏళ్ల తరబడి విని తేల్చిన విషయాన్ని ఒక గంట వినడానికి మా కళాశాలలో గది దొరకలేదు. దొరక్కుండా చేసినవాళ్లలో నా చేయి కూడా ఉంది.

ఆ తర్వాత మూడు దశాబ్దాలు కూటముల గురించే రాశాను. 1996లో యునైటెడ్ ఫ్రంట్ కనీస ఉమ్మడి కార్యక్రమం చూశాను. 1998లో అయోధ్య, 370వ అధికరణ, ఉమ్మడి పౌరస్మృతి అనే మూడు అంశాలనూ పక్కన పెట్టి బీజేపీ మిత్రులతో కలిసి రూపొందించిన జాతీయ అజెండా చూశాను. ఒక కూటమి స్వభావం తెలియాలంటే దాని కార్యక్రమంలో చేర్చినవాటి కంటే తీసేసినవాటిని ముందు చదవాలన్న అలవాటు నాకు అప్పటి నుంచీ ఉంది. పక్కన పెట్టిన అంశం మాయమైపోదు, అది ఎవరికి అవసరమో వారి దగ్గర భద్రంగా ఉంటుంది. ఈ విశ్లేషణకు మిత్రులు నన్ను మెచ్చుకుంటారు. అది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదని, ఒక పొడుగాటి నోట్‌బుక్కు మూసిన చప్పుడులో నేర్చుకున్నానని వారికి తెలియదు.

వృత్తిరీత్యా ఢాకా వెళ్లినప్పుడు అక్కడి విశ్వవిద్యాలయంలోని చారుకళా విభాగం ఆవరణలో కాసేపు తిరిగాను. 1989లో, ఎర్షాద్ పాలన సాగుతుండగానే, ఆ విభాగం విద్యార్థులు బెంగాలీ సంవత్సరాది నాడు పెద్దపెద్ద బొమ్మలతో, ముసుగులతో ఊరేగింపు తీశారు. దానికి ఆనంద శోభాయాత్ర అని పేరు పెట్టారు. తర్వాత మంగళ శోభాయాత్రగా ప్రసిద్ధికెక్కి 2016లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. దాని పేరు మీద కూడా వివాదాలు వచ్చి 2025లో మళ్లీ పాత పేరుకే మళ్లింది. నోరు తెరవడం కష్టమైన చోట వాళ్లు తాము చెప్పదలచుకున్న మాటను బొమ్మలోకి ఎక్కించి వీధిలోకి తెచ్చారు. మేం చెప్పవలసిన మాటను బయట వదిలి పండుగను లోపల కాపాడుకున్నాం. మాకు నియంత లేడు. ఒక భయస్తుడైన ప్రిన్సిపాల్, ఒక మంచివాడనిపించుకోవాలనుకున్న కన్వీనర్ సరిపోయారు.

అలాగని ఉత్సవం జరపకుండా ఉండవలసిందని నేను అనను. ఆ పెట్రోమాక్స్ వెలుగు అబద్ధం కాదు. ఆ రాత్రి పక్కపక్కన కూర్చున్నవాళ్లలో కొందరు రెండు నెలల క్రితం ఒకరి వీధిలోకి ఒకరు అడుగు పెట్టడానికి భయపడ్డవాళ్లు. లెక్క రాయడం, పోలీసు స్టేషన్‌లో గంటల తరబడి నిలబడటం, "లేదు" అన్న దుకాణానికి ఆరోసారి వెళ్లడం, ఓడిపోయినా మర్నాడు పనికి రావడం, ఇవన్నీ మాలో చాలామంది అక్కడే నేర్చుకున్నారు. సంఘాల ఎన్నికలు జరపాలని 2006లో లింగ్డో కమిటీ సిఫార్సు చేసినా, నేటికీ దేశంలో ఎన్నో కళాశాలల్లో విద్యార్థికి దక్కే ప్రజాజీవితం ఒక ఫెస్ట్ కమిటీయే. అందుకే ఆ కమిటీలో జరిగే ఓటింగును చిన్నచూపు చూడకూడదు. అడ్డంకులు దాటి పని పూర్తి చేయడం గొప్పే. దాటేటప్పుడు బరువు తగ్గించుకోవడానికి ఎవరి మూటను దించేశామో గుర్తుంచుకోవడం అంతకంటే కష్టం.

మళ్లీ ఆ నలుగురు విద్యార్థుల దగ్గరికి వస్తాను. మర్నాడు వారికి ఫోన్ చేసి, కార్యక్రమ పత్రం అచ్చయినది కాకుండా మొట్టమొదట రాసుకున్న ముసాయిదా ఉంటే పంపమన్నాను. కాసేపు నిశ్శబ్దం. సాయంత్రానికి ఫోనులో ఒక ఫొటో వచ్చింది. చేత్తో రాసిన కాగితం. పన్నెండు అంశాలు. ఏడో అంశం మీద గీత కొట్టి ఉంది. గీత కింద అక్షరాలు కనిపిస్తున్నాయి: "మణిపూర్: ఇంటికి వెళ్లలేని విద్యార్థులతో ఒక గంట." అంశం సున్నితమైనదని, అది తీసేస్తే ఆడిటోరియం ఇస్తామని అన్నారట. కమిటీలో ఓటు కూడా పెట్టారట. నా గదిలో కూర్చున్న గంటసేపు ఆ మణిపూర్ అమ్మాయి ఈ విషయం ఎత్తనే లేదు. స్టాళ్లు ఎన్ని, ఒక్కోదాని అద్దె ఎంత, ఇంకా ఎంత వసూలు కావాలి అన్న లెక్కలన్నీ చెప్పింది మాత్రం ఆ అమ్మాయే.

ప్రారంభోపన్యాసానికి వస్తానని చెప్పాను. మాట తప్పను. దానితో పాటు ఇంకొక మాట కూడా రాశాను. ఏడో అంశానికి ఆడిటోరియం అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, ఉత్సవం రోజే జరగనక్కరలేదు. ఖాళీగా ఉన్న గది ఏదైనా చూసి కబురు చేస్తే వెనక బెంచీలో కూర్చుని వింటాను, టీ, బిస్కెట్ల ఖర్చు నాది అని.

ఆ రాత్రే కోశాధికారికి ఫోన్ చేశాను. ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరై ఇప్పుడు సిద్దిపేటలో ఉంటున్నాడు. విషయమంతా చెప్పాను. అంతా విని, "రెండు వందల పన్నెండు రూపాయలు. ముప్పై ఏండ్ల పైచిలుకు వడ్డీ కూడా కట్టు" అన్నాడు.

పిల్లల నుంచి ఇంకా కబురు రాలేదు.